అవ్వ ఎక్కిన మెట్లు, మామ చెప్పిన సగటు

అలిపిరి నుంచి నడిచి కొండెక్కడానికి ఎంతసేపు పడుతుందని పుత్తూరు చుట్టాలు ఫోన్‌లో అడిగితే, మా మామ తడుముకోకుండా "సరాసరి మూడు గంటల పది నిమిషాలు" అనేశాడు. గాల్లో చెప్పిన మాట కాదు, చేతిలో లెక్కుంది. అంతకు ముందు వారమే మా ఇంటిల్లిపాదీ పదకొండు మందిమి మెట్లెక్కాం. పైకి చేరినవాళ్ళ టైములన్నీ నేనే ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టాను. మామ వాటిని కూడి పదకొండుతో భాగించాడు. కూడికలో తప్పు లేదు, భాగహారంలోనూ తప్పు లేదు.

పక్కనే కూర్చున్న మా తమ్ముడి కూతురు మాత్రం పుస్తకం లాక్కుని చూసి నవ్వింది. తిరుపతిలో డిగ్రీ చదువుతోంది, అందులో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు. "పెదనాయనా, మనలో ఎనిమిది మంది అంతకంటే ముందే పైకొచ్చేసినారు గదా. ఇదేం సరాసరి?"

ఆ రోజు ఆ పేజీ ముందేసుకుని మేమిద్దరం చాలాసేపు కూర్చున్నాం. మొదటి సెమిస్టరు సిలబస్‌లో సగం ఆ ఒక్క కాగితం మీదే దొరికింది. కాబట్టి ఇక్కడా దాన్నే ముందు పెడతాను.

పేజీలో నిలువు గళ్ళు ఇవి: పేరు, ఊరు, మోకాళ్ళ నొప్పి, బయల్దేరిన టైము, దారిలో ఎన్నిసార్లు ఆగారు, మొత్తం ఎన్ని నిమిషాలు పట్టింది. అడ్డవరుసకు ఒక మనిషి. మనిషి మారితే మారేదాన్ని చలరాశి అంటారు. ఊరు చలరాశి, నొప్పి చలరాశి, నిమిషాలు చలరాశి. ఎన్ని మెట్లెక్కారన్న గడి నేను గీయలేదు, గీసినా దండగే. అలిపిరి దారిలో అందరూ ఎక్కేవి అవే 3,550 మెట్లు. మాలో నలుగురు శ్రీవారి మెట్టు దారిన, అంటే 2,388 మెట్లు ఎక్కి వచ్చుంటే అప్పుడది చలరాశి అయ్యేది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ గళ్ళన్నీ ఒకే జాతివి కావు. దేనితో ఏ లెక్క చెయ్యొచ్చో ముందు తేల్చుకోకపోతే కాలిక్యులేటర్ మనల్ని ఆపదు. ఏం కూడమన్నా కూడేస్తుంది.

ఊరు తీసుకోండి. చిత్తూరు వాళ్ళు అయిదుగురు, పీలేరు ముగ్గురు, పుత్తూరు ఇద్దరు, చెన్నై ఒకడు. వీటి మధ్య పెద్దా చిన్నా లేదు, ముందూ వెనకా లేదు, వట్టి పేర్లు. పుస్తకాల్లో దీన్ని నామినల్ అంటారు. ఊరి బదులు పిన్‌కోడ్ రాసినా అంతే. తిరుపతి 517501, చిత్తూరు 517001. రెండూ కలిపి సగం చేస్తే 517251 వస్తుంది. ఆ నంబరుతో ఊరున్నా లేకపోయినా దానికి అర్థం మాత్రం లేదు. అంకెల్లో రాసినంత మాత్రాన అది సంఖ్య అయిపోదు. ఫోన్ నంబరు, బస్సు నంబరు, రేషన్ కార్డు నంబరు అన్నీ అంకెల వేషంలో ఉన్న పేర్లే. ఇలాంటి వాటితో చేయగలిగింది లెక్కబెట్టడం, ఎక్కువమంది ఎక్కడివాళ్ళో చెప్పడం. అదే బాహుళకం: ఇక్కడ చిత్తూరు. శాతాలు కూడా చెప్పొచ్చు గానీ, పదకొండు మందికి 45.45 శాతం అనడం కొంచెం ఎచ్చులే. "పదకొండులో అయిదుగురు" అంటే సరిపోతుంది.

మోకాళ్ళ నొప్పి గడి ఇంకొంచెం చిక్కు. అక్కడ నేను మూడు మాటలు రాశాను: లేదు, కొద్దిగా, బాగా. 'లేదు' అన్నవాళ్ళు అయిదుగురు, 'కొద్దిగా' నలుగురు, 'బాగా' ఇద్దరు. (డెబ్బై ఎనిమిదేళ్ళ అవ్వ 'లేదు' అంది. చెన్నైలో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లాడు 'బాగా' అన్నాడు. రాసేవాడు రాసుకోవాల్సిందే.) ఊళ్ళలా కాదు, వీటికి వరుస ఉంది. కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తెంతో తెలీదు. 'లేదు' నుంచి 'కొద్దిగా'కు ఎంత దూరమో, 'కొద్దిగా' నుంచి 'బాగా'కు అంతే దూరమని ఎవరన్నారు? దీన్ని ఆర్డినల్ అంటారు. చాలామంది 0, 1, 2 అని నంబర్లిచ్చి సగటు తీసేస్తారు. మాకైతే 8ని 11తో భాగిస్తే 0.73 వచ్చింది, అంటే 'కొద్దిగా' కంటే తక్కువ. మోకాళ్ళు పట్టేసినవాడికి 2 ఏం చాలుతుంది, 5 ఇద్దామనుకుంటే? మొత్తం 14 అవుతుంది, సగటు 1.27, 'కొద్దిగా' కంటే ఎక్కువ. మోకాళ్ళు అవే, మనుషులూ వాళ్ళే. నేను నంబరు మార్చగానే మా కుటుంబం నొప్పి పెరిగిపోయింది. అదే పదకొండు మందిని నొప్పి వరుసలో నిలబెట్టి నడిమి మనిషిని, అంటే ఆరో మనిషిని అడగండి. ఏ నంబర్లిచ్చినా ఆ జవాబు 'కొద్దిగా' అనే ఉంటుంది. వరుస మాత్రమే తెలిసిన చోట నమ్మదగ్గది ఈ మధ్యగతమే. లాడ్జిలకీ హోటళ్ళకీ జనం ఇచ్చే చుక్కల (స్టార్ల) సగటు, అదే 4.2, 4.3 అని కనిపించేది, ఈ కోవలోదే. అందరూ వాడుతున్నారు, నేనూ చూస్తాను. కాకపోతే 4.2కీ 4.3కీ తేడా చూసి గది మార్చుకోను.

బయల్దేరిన టైము గురించి ఎక్కువ చెప్పను. గడియారం టైముల మధ్య తేడా తీయొచ్చు, "రెట్టింపు" అనకూడదు. ఎనిమిది గంటలు నాలుగు గంటలకు రెట్టింపు టైము కాదు. ఉష్ణోగ్రతా అంతే. తెల్లవారుజామున కొండమీద 15 డిగ్రీలు, మధ్యాహ్నం కింద 30 డిగ్రీలు ఉందనుకోండి. రెట్టింపు వేడి అనబోతారా? అవే ఫారెన్‌హీట్‌లో 59, 86. రెట్టింపు ఎక్కడికో పోయింది. సున్నా ఎక్కడ పెట్టాలన్నది మనం అనుకున్న చోట ఈ చిక్కు తప్పదు. గడియారంతో ఇంకో తమాషా ఉంది. ఒక చుట్టం రాత్రి 11కి రేణిగుంటలో దిగాడు, ఇంకొకడు రాత్రి 1కి. ఇరవైనాలుగు గంటల లెక్కన 23, 1 కలిపి సగం చేస్తే 12, పట్టపగలు!

ఆగిన సార్లు, పట్టిన నిమిషాలు - ఈ రెండింటికే అసలు సున్నా ఉంది. వీటిని కూడొచ్చు, తీసెయ్యొచ్చు, "నీకంటే రెట్టింపు సేపు" అనొచ్చు. రెండింటికీ ఒక తేడా: మూడుసార్లు ఆగొచ్చు, నాలుగుసార్లు ఆగొచ్చు, మూడున్నరసార్లు ఆగడం ఉండదు. అది విచ్ఛిన్న చలరాశి. సమయం ఎంత సన్నగా కోసినా ఇంకా కోయొచ్చు, అది అవిచ్ఛిన్నం. వట్టి పేర్లు, వరుస ఉన్నవి, తేడా మాత్రమే తీయగలిగేవి, అసలు సున్నా ఉన్నవి - ఈ నాలుగు రకాల విభజనను 1946లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్స్ రాసిపెట్టాడు. తర్వాత దాన్ని తప్పుబట్టినవాళ్ళూ ఉన్నారు, వాదన ఇంకా తెగలేదు. మొదట నేర్చుకునేవాడికి మాత్రం ఇంతకంటే పనికొచ్చే అడ్డుకట్ట నాకు కనిపించలేదు.

ఇక మామ సగటు దగ్గరికి వద్దాం. నిమిషాలను చిన్నదాని నుంచి పెద్దదానికి రాస్తే ఇలా ఉంటాయి:

125, 140, 150, 150, 165, 170, 180, 185, 195, 210, 420

మొత్తం 2,090. పదకొండుతో భాగిస్తే 190, అంటే మూడు గంటల పది నిమిషాలు. మామ చెప్పింది నిజమే. కానీ 190 దాటినవాళ్ళు ముగ్గురే. నడుమ ఉన్న ఆరో అంకె 170. సగటుకీ మధ్యగతానికీ మధ్య ఇరవై నిమిషాల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చివరి అంకె చెబుతుంది. ఆ 420 మా అవ్వది.

అంతసేపు పట్టింది అవ్వకు ఓపిక లేక కాదు. గాలిగోపురం దాకా మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. మేమంతా పైకొచ్చి, తలనీలాలిచ్చి, స్నానాలు చేసి, తినేసి, "అవ్వ ఏదిరా" అని టెన్షన్ పడుతుంటే, పసుపు చేతులతో నింపాదిగా వచ్చింది.

ఆ ఒక్క అంకెను పక్కన పెట్టి చూడండి. మిగతా పది మంది సగటు 167, మధ్యగతం 167.5. ఒకదాన్నొకటి దాదాపు అంటుకున్నాయి. ఒక్క మనిషి సగటును 23 నిమిషాలు లాగేసింది, మధ్యగతాన్ని రెండున్నర నిమిషాలే కదిలించింది. అవ్వకు ఏడు గంటల బదులు పది గంటలు పట్టినా మధ్యగతం 170 దగ్గరే ఉండేది. దానికి కావలసింది వరుసలో నడిమి మనిషే, చివరి మనిషి ఎంత దూరాన ఉందన్నది దానికి పట్టదు. సగటు అలా కాదు, మొత్తాన్ని అందరికీ సమానంగా పంచుతుంది కాబట్టి ప్రతి నిమిషమూ అందులో పడుతుంది.

అయితే అవ్వను లెక్కలోంచి తీసేయాలా? ఇక్కడే చాలామంది తొందరపడతారు. నేను 42 రాయబోయి 420 రాసుంటే అది తప్పు, దిద్దాల్సిందే. అవ్వ అంకె తప్పు కాదు. ఆమె చేసిన పని వేరు. మేం కొండెక్కాం, ఆమె మెట్లకు పూజ చేసింది. అలాంటి అంకె ఎదురైతే కొట్టేయడమో కళ్ళు మూసుకుని కలిపేయడమో కాకుండా, ఎందుకలా ఉందని అడగాలి. మా పేజీలో అడిగితే జవాబు దొరికింది. "నడిచిన పది మందికి ఇంత, పూజ చేస్తూ వచ్చిన ఒకరికి ఇంత" అని విడివిడిగా చెప్పేస్తే గొడవే లేదు.

బాహుళకం 150, రెండుసార్లు వచ్చింది. దీన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు, కానీ తమ్ముడి కూతురు ఒకటి పట్టేసింది. "అన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగిసినాయే! మీరు వాచీ చూసినారా, అందాజాగా రాసినారా?" నిజమే. ఎవరైనా రాగానే "రెండున్నర గంటలు పట్టింది" అనేవారు, నేను 150 అని రాసేసేవాణ్ణి. ఒకరిది 148, ఇంకొకరిది 153 అయ్యుండొచ్చు. అంటే ఆ బాహుళకం వాళ్ళ కాళ్ళలోంచి వచ్చింది కాదు, నా పెన్నులోంచి వచ్చింది. దత్తాంశంలో, అంటే ఇలా సేకరించి రాసుకున్న వివరాల్లో, మనుషులతో పాటు రాసినవాడి అలవాట్లూ ఉంటాయి. వయసులు అడిగి రాసిన చాలా జాబితాల్లో 40, 45, 50, 60 దగ్గర జనం కుప్పపడి కనిపించేది అందుకే.

బాహుళకానికి అసలు పని వేరే చోట ఉంది. సగం మంది అలిపిరి దారిన మూడు గంటల్లో, మిగతా సగం శ్రీవారి మెట్టు దారిన గంటన్నరలో వచ్చారనుకోండి. సగటు రెండుంబావు గంటలు. ఆ టైముకు పైకొచ్చినవాడు ఒక్కడూ ఉండకపోవచ్చు. చుక్కలు పెట్టి గీస్తే రెండు గుట్టలు, వాటి మధ్య ఖాళీ లోయ. సగటు ఆ లోయలో నిలబడి ఉంటుంది, ఒక్కోసారి మధ్యగతం కూడా. ఇలాంటప్పుడు ఒకే అంకె చెప్పడం మానేసి, రెండు గుట్టలున్నాయని చెప్పడమే నిజాయితీ. అందుకే ఏ లెక్కా చేయకముందు ఒక గీత గీసి, దాని మీద చుక్కలు పెట్టి చూడమంటాను. కాగితం, పెన్సిలు చాలు.

నడిమి మనిషి ఒక్కడే కాకుండా నడిమి సగం మంది ఎక్కడున్నారో చూడటం ఇంకా మంచిది. కింది అయిదుగురి మధ్య అంకె 150, పై అయిదుగురి మధ్య అంకె 195. వీటిని చతుర్థాంశాలంటారు. రెంటి మధ్య దూరం 45 నిమిషాలు. అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ ఈ దూరానికి ఒకటిన్నర రెట్లు లెక్కగట్టి, దాన్ని దాటి అవతలున్నవాటిని విడిగా చుక్కపెట్టి చూపమన్నాడు. 45కు ఒకటిన్నర రెట్లు 67.5, దాన్ని 195కు కలిపితే 262.5. అవ్వ అక్కడికి చాలా అవతల ఉంది. ఆయన పెట్టె బొమ్మ, బాక్స్‌ప్లాట్, ఇప్పుడు దాదాపు ప్రతి గణాంక సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ఒక హెచ్చరిక: ఇవే అంకెలు ఎక్సెల్‌లో వేసి మామూలు క్వార్టైల్ ఫార్ములా పెడితే పై చతుర్థాంశం 195 బదులు 190 చూపిస్తుంది. రెండూ తప్పు కాదు, మధ్యలో కోసే పద్ధతులు వేరు. పరీక్షలో మీ పుస్తకం పద్ధతే రాయండి.

సగటు ఎంత సరిగ్గా ఉన్నా, అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో అది చెప్పదు. రెండు బస్సులు ఉన్నాయనుకోండి. అయిదు రోజుల్లో మొదటిది ఆలస్యంగా వచ్చింది 8, 9, 10, 11, 12 నిమిషాలు. రెండోది 0, 0, 5, 15, 30. రెండింటి సగటూ పదే. మొదటి బస్సుకైతే ఇంట్లో కాఫీ తాగి ఎనిమిది నిమిషాలు లేటుగా బయల్దేరొచ్చు. రెండోదానికి అలా చేస్తే అయిదు రోజుల్లో మూడు రోజులు బస్సు వెళ్ళిపోయి ఉంటుంది.

ఈ చెదురును ఒక అంకెలోకి తేవాలంటే, ప్రతి రోజూ సగటుకు ఎంత దూరమో చూడాలి. మొదటి బస్సుకు -2, -1, 0, 1, 2. వీటిని ఊరికే కూడితే సున్నా వస్తుంది, ఎప్పుడూ సున్నానే వస్తుంది, సగటంటేనే అది. అందుకని వర్గం చేస్తారు: 4, 1, 0, 1, 4. మొత్తం 10, అయిదుతో భాగిస్తే 2. రెండో బస్సుకు వర్గాల మొత్తం 650, అయిదుతో భాగిస్తే 130. దీన్ని విస్తృతి అంటారు. దీని కొలత చదరపు నిమిషాలు. చదరపు గజం తెలుసు, చదరపు నిమిషాన్ని ఎవరు చూశారు? అందుకే వర్గమూలం తీసి మళ్ళీ నిమిషాల్లోకి దిగుతాం. మొదటిదానికి 1.4, రెండోదానికి 11.4. అదే ప్రామాణిక విచలనం. పేరు భయపెడుతుంది గానీ, సగటు చుట్టూ మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటుందన్నదే దాని అర్థం.

చాలాచోట్ల ఇక్కడ అయిదుతో కాక, ఒకటి తగ్గించి నాలుగుతో భాగిస్తారు. ఎందుకని ప్రతి విద్యార్థీ అడుగుతాడు. ఆ అయిదు రోజులే మీకు కావాలంటే అయిదుతోనే భాగించండి. అయిదు రోజులు చూసి ఆ బస్సు తీరు మొత్తం అంచనా వేయాలంటే చిక్కొకటుంది. సగటును కూడా ఆ అయిదు అంకెల్లోంచే తీశాం. అది వాటికి వీలైనంత దగ్గరగా కూర్చుంటుంది, కాబట్టి దూరాలు కాస్త తక్కువగా కనబడతాయి. పైగా దూరాల మొత్తం సున్నా కాబట్టి నాలుగు తెలిస్తే అయిదోది దానంతటదే తేలిపోతుంది. స్వేచ్ఛగా ఉన్నవి నాలుగే. నాలుగుతో భాగిస్తే ఆ లోటు పూడుతుంది.

అయినా మామను ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. దామలచెరువు దగ్గర ఆయనకు మామిడి తోట ఉంది. మండీ లెక్కల్లో నన్ను చాలాసార్లు కాపాడాడు. బేనిషా కిలో 20 రూపాయలకు ఒక టన్ను, తోతాపురి కిలో 8 రూపాయలకు తొమ్మిది టన్నులు అమ్మాడనుకుందాం. నాలాంటివాడు 20, 8 కలిపి సగం చేసి "సరాసరి 14 వచ్చింది" అంటాడు. మామ ఒప్పుకోడు. 20 వేలు, 72 వేలు, మొత్తం 92 వేలు, పది వేల కిలోలు, కిలోకు 9 రూపాయల 20 పైసలు. దీన్ని భారిత సగటు అంటారని ఆయనకు తెలీదు. బరువు చూడకుండా ధరలు కలపకూడదని మాత్రం తెలుసు. అంత తెలిసిన మనిషి మెట్ల దగ్గర ఎందుకు బోల్తాపడ్డాడంటే, మండీలో ఆయనకు కావలసింది మొత్తం డబ్బు. మొత్తం కావలసినప్పుడు సగటును మించింది లేదు. పుత్తూరు చుట్టాలకు కావలసింది మా మొత్తం నిమిషాలు కాదు. మామూలు మనిషికి ఎంతసేపు పడుతుందన్నది వాళ్ళ ప్రశ్న. దానికి "మాలో నడిమి సగం మందికి రెండున్నర నుంచి మూడుంబావు గంటల లోపు పట్టింది" అన్నది సరైన జవాబు. అందరం కలిసి దర్శనం క్యూలోకి వెళ్ళాలంటే మళ్ళీ అదీ కాదు, చివరి మనిషి ఎప్పుడొస్తుందో కావాలి: 420.

అసలు మా పదకొండు మందిని చూసి కొండెక్కే జనమందరి గురించి చెప్పొచ్చా అంటే, చెప్పకూడదు. ఒకే ఇంటివాళ్ళం, ఒకే రోజు, ఒకే దారి. కొద్దిమందిని చూసి అందరి గురించి చెప్పాలంటే ఆ కొద్దిమందిని ఎలా ఎంచుకున్నామన్నదే ప్రాణం. మన దేశంలో ఆ పనిని పెద్ద ఎత్తున నిలబెట్టింది గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఆయన పుట్టినరోజు జూన్ 29న గణాంక దినోత్సవం చేస్తున్నారు. ఆయన దగ్గర పనిచేసిన తెలుగువాడు సి.ఆర్. రావు, పాతికేళ్ళ వయసులో, 1945లో, నమూనా నుంచి వేసే అంచనాకు కచ్చితత్వం ఎంతవరకు రాగలదో, దానికి హద్దెక్కడో రాసి చూపించాడు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశాడు.

పేజీలో ఒక గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. 'ఆగిన సార్లు' దగ్గర అవ్వది. ఆ రోజు రాయడం మరిచిపోయాను. తమ్ముడి కూతురు ఎక్సెల్‌లో ఎక్కిస్తూ అక్కడ సున్నా కొట్టబోతే ఆపాను. ఖాళీ వేరు, సున్నా వేరు. సున్నా అంటే ఒక్కసారీ ఆగలేదని, ఖాళీ అంటే మనకు తెలీదని. సున్నా పెడితే సగటు అబద్ధం చెబుతుంది. అడిగేస్తే పోలేదా అని ఆ పిల్లే వసారాలోకి వెళ్ళి అడిగింది.

"అవ్వా, మెట్లెక్కేటప్పుడు ఎన్నిసార్లు నిలబడినావు?"

అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండానే అంది: "నేను నడిచిందెప్పుడే, నిలబడేదానికి?"

పిల్ల తిరిగొచ్చి కాసేపు ఆ గడివైపు చూసి, మెట్టు మెట్టుకీ ఆగితే ఆగడం కిందకొస్తుందా రాదా అని నన్నడిగింది. ఆ గడి గీసినప్పుడు 'ఆగడం' అంటే ఏమిటో నేను రాసుకోలేదు.